5.9, 7.91, 8.02: ఒకే బండికి మూడు బలాలు

హీరో స్ప్లెండర్ ప్లస్ ఇంజిన్ బలం 5.9 కిలోవాట్లు. అదే బండికి ఒకచోట 8.02 పీఎస్ అని, ఇంకోచోట 7.91 బీహెచ్‌పీ అని రాసి ఉంటుంది. మూడూ నిజమే. చీమకుర్తి నుంచి ఒంగోలు వెళ్లి బండి బేరం చేసే కుర్రాడు ఇవి మూడు మోడళ్ల అంకెలనుకుంటే తప్పు అతనిది కాదు. షోరూమ్ కాగితంలో ఒక కొలత ఉంటుంది, ఫోన్లో చూసిన రివ్యూలో ఇంకొకటి వినిపిస్తుంది. ఆర్సీ కార్డు మీద సీసీ పక్కన హార్స్ పవర్ గడి ఉంటుంది, అందులో బీహెచ్‌పీ అయినా పడొచ్చు, కిలోవాట్ అయినా పడొచ్చు. పోనీ రెండు కంపెనీల బండ్లు పక్కపక్కన పెట్టి చూద్దామంటే ఒకరు పీఎస్‌లో చెబుతారు, ఒకరు బీహెచ్‌పీలో చెబుతారు.

ముందే ఒక మాట. ఈ కొలతల మధ్య తేడా చాలా చిన్నది, నూటికి ఒకటిన్నర కూడా లేదు. మే నెల ఎండ మీ ఇంజిన్ నుంచి లాక్కునే బలం అంతకు రెట్టింపు పైనే ఉంటుంది. ఆ లెక్క కాసేపట్లో చూద్దాం.

పీఎస్‌తో మొదలుపెడదాం, అది చెప్పడం తేలిక. 75 కిలోల బరువును సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపగలిగితే ఆ బలం 1 పీఎస్. చీమకుర్తి వాళ్లకు దీన్ని రాయితో చెప్పొచ్చు. నల్లటి ఒంట్లో బంగారు రవ్వలు మెరిసే ఇక్కడి గెలాక్సీ గ్రానైట్ ఘనపు మీటరుకు సుమారు 3 టన్నులు తూగుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న దిమ్మె అంటే 85 కిలోలన్నమాట. దాని పైనుంచి అంగుళమున్నర మందం కోసేస్తే 75 కిలోల దగ్గరికి వస్తుంది. ఆ దిమ్మెను ఒక్క సెకనులో నడుము ఎత్తుకు తెచ్చే యంత్రం ఒక పీఎస్ యంత్రం. స్ప్లెండర్ ఇంజిన్ అలాంటివి ఎనిమిదింటిని సెకనుకో మీటరు చొప్పున లేపగలదు, కాగితం మీద.

పీఎస్ జర్మన్ గుర్రం. బీహెచ్‌పీలో ఉన్నది ఇంగ్లిష్ గుర్రం. ముందు పుట్టింది ఇంగ్లిష్‌దే. 1780లలో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలు అమ్ముకోవాలి. కొనేవాళ్ల దగ్గర అప్పటికే గుర్రాలున్నాయి, మిల్లు గానుగ తిప్పుతున్నాయి. యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో చెబితే తప్ప బేరం తెగదు. ఆయన వేసుకున్న లెక్క ప్రకారం 12 అడుగుల వ్యాసార్ధంతో గుండ్రంగా తిరిగే గుర్రం గంటకు 144 చుట్లు తిరుగుతుంది, 180 పౌండ్ల బలంతో లాగుతుంది. గుణిస్తే నిమిషానికి 32,572 అడుగు పౌండ్లు. ఆయన దాన్ని 33,000 చేసేశాడు. నేటి వాట్లలో అది 745.7.

తర్వాత యూరప్‌లో మీటర్లు, కిలోలు వచ్చాయి. అడుగుల్లో, పౌండ్లలో ఉన్న గుర్రాన్ని కిలోల్లోకి మారిస్తే 76 కిలోల చిల్లర వస్తుంది. చిల్లర ఎందుకని వాళ్లు 75 దగ్గర ఆపేశారు. దాంతో వాళ్ల గుర్రం 735.5 వాట్లకు తగ్గింది. రెండింటి మధ్య ఉన్న 10 వాట్లకు కారణం లెక్క సర్దుకోవడమే. ఇంజనీరింగ్ రహస్యమేమీ లేదు.

మరి బీహెచ్‌పీలో ఆ ‘బీ’ ఏమిటి? బ్రేక్. ఇంజిన్ షాఫ్టుకు బ్రేకు బిగించి, అది ఎంత బలంగా తిప్పడానికి పెనుగులాడుతుందో కొలిచే పద్ధతి. ఫ్రాన్స్‌కు చెందిన ప్రోనీ 1821లో ఇలాంటి బ్రేకు తయారుచేశాడు. హెచ్‌పీ, బీహెచ్‌పీ రెండిట్లో గుర్రం సైజు ఒకటే. బ్రేకు అన్న మాట బలాన్ని ఎక్కడ కొలిచారో చెబుతుంది, అంటే ఇంజిన్ షాఫ్టు దగ్గర, గేరుబాక్సుకూ చైనుకూ ముందు. ఈ రోజుల్లో కంపెనీలు ఎలాగూ అక్కడే కొలుస్తాయి గనక ఆ అక్షరం చాలావరకు అలంకారమే అని నా అభిప్రాయం.

ఇక కిలోవాట్. అది కూడా ఆ వాట్ పేరే. ఆయన పోయాక 1882లో బ్రిటిష్ శాస్త్రవేత్తల సంఘం ఆ పేరు పెట్టింది. గుర్రాల కొలత కనిపెట్టినవాడి పేరే గుర్రాలను పక్కకు నెట్టే కొలతకు దక్కింది. మార్చుకోవడం కష్టం కాదు. కిలోవాట్లను 1.36తో గుణిస్తే పీఎస్, 1.34తో గుణిస్తే బీహెచ్‌పీ. నా సలహా ఏమిటంటే రెండు బండ్లు పోల్చేటప్పుడు ముందు రెంటినీ కిలోవాట్లలోకి తెచ్చుకోండి. పల్సర్ 150కి 14 పీఎస్ అంటే 10.3 కిలోవాట్లు. అపాచీ ఆర్‌టీఆర్ 160 4వీకి 17.55 పీఎస్ అంటే 12.9. పల్సర్ ఎన్ఎస్ 200కి 24.5 పీఎస్ అంటే 18. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి 20.2 అన్న అంకె ఒకచోట బీహెచ్‌పీగా, ఇంకోచోట పీఎస్‌గా కనిపిస్తుంది. అది పీఎస్ అయితే బీహెచ్‌పీలో 19.92. తేడా 0.28, దాదాపు 209 వాట్లు, మూడు పాత సీలింగ్ ఫ్యాన్లు తినే కరెంటంత. దాని కోసం టీ కొట్టు దగ్గర వాదించుకోవాలంటే వాదించుకోవచ్చు గానీ రోడ్డు మీద తెలిసే తేడా కాదు.

ఒంగోలు జాతి ఎడ్లు పుట్టిన గడ్డ మీద కూర్చుని గుర్రాల లెక్క చెప్పుకోవడం కాస్త చోద్యమే. అందుకే ఎద్దు లెక్క కూడా చూద్దాం. మన దేశంలో వ్యవసాయ ఇంజనీర్లు పొలంలో ఉన్న మొత్తం బలాన్ని కూడేటప్పుడు ఒక ఎద్దుకు 0.38 కిలోవాట్లు వేసుకుంటారు, అంటే అర హెచ్‌పీ. మనిషికి 0.05 కిలోవాట్లు. కాడి ఎడ్లు కలిస్తే వాట్ గుర్రం ఒకటి.

ఆ ఎడ్లే బండలాగుడు పోటీలో ఏం చేస్తాయో చూడండి. లెక్క కోసం 15 క్వింటాళ్ల బండ అనుకుందాం. నేల రాపిడి బండ బరువులో సగం ఉందనుకుందాం, జత నిమిషానికి 100 అడుగులు లాగిందనుకుందాం. అప్పుడు ఆ జత చూపించే బలం 3.7 కిలోవాట్లు, 5 హెచ్‌పీ. ఎద్దుకు రెండున్నర. రోజంతా అరక దున్నేటప్పుడు చూపే దానికి ఐదు రెట్లు. కానీ అది కొద్ది నిమిషాల ముచ్చట. ఆ తర్వాత జతను పక్కకు తీసుకెళ్లి నీళ్లు పెట్టి ఒళ్లు తుడవాల్సిందే. గుర్రం కూడా అంతే. 1993లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన ఒక లెక్క ప్రకారం గుర్రం కొద్ది క్షణాల పాటు 14.9 హార్స్ పవర్ దాకా చూపగలదు. వాట్ తీసుకున్నది పొద్దస్తమానం గానుగ తిరిగే గుర్రాన్ని. బలం ఎంత అన్న ప్రశ్నతో పాటు ఎంతసేపు అన్నదీ అడగాలి. బోరు మోటారుకు ఆ చిక్కు లేదు. మిర్చి తోట గట్టున ఉన్న 5 హెచ్‌పీ మోటారు రేకు మీద 3.7 కిలోవాట్లు అని కూడా కొట్టి ఉంటుంది, పక్కన ఎస్1 అని ఉంటే ఆగకుండా నడిచినా ఆ బలం ఇస్తుందని అర్థం. మన రైతులకు కిలోవాట్ కొత్త కాదు. ఎప్పటి నుంచో మోటారు ఒంటి మీద ఉన్నదే.

బండి కాగితంలో బలం పక్కనే ఇంకో అంకె ఉంటుంది, ఆర్‌పీఎం. స్ప్లెండర్ 5.9 కిలోవాట్లు 8000 ఆర్‌పీఎం దగ్గర. అంటే ఇంజిన్ నిమిషానికి ఎనిమిది వేల చుట్లు తిరుగుతుంటేనే ఆ బలం. ఊళ్లో టాపు గేరులో నలభైలో పోయేవాడు ఆ బలాన్ని ఎప్పుడూ చూడడు. దాని కింద టార్క్, 8.05 న్యూటన్ మీటర్లు, 6000 ఆర్‌పీఎం దగ్గర. మనవాళ్లు ‘లాగుడు’ అనే దాంట్లో ఎక్కువ భాగం ఈ టార్క్‌దే. రెండిటినీ కలిపే లెక్క ఒకటుంది. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. స్ప్లెండర్‌కు వేస్తే 6000 దగ్గర 5.06 కిలోవాట్లు. 8000 దగ్గరికి వచ్చేసరికి టార్క్ 7.04కు పడిపోతుంది, కానీ చుట్లు పెరిగాయి గనక బలం 5.9కి ఎక్కుతుంది. కంపెనీ రెండు అంకెలూ ఇచ్చిందంటే మూడోది మనమే రాబట్టుకోవచ్చు. ఎవరైనా అంకెలు కాస్త అటూఇటూ చేసి చెబితే ఈ లెక్కలోనే బయటపడుతుంది.

దీన్ని పొలంలోకి తెస్తే ఇంకా బాగా తెలుస్తుంది. మహీంద్రా 575 డీఐ ట్రాక్టరు 45 హెచ్‌పీ. కేటీఎం 390 డ్యూక్, 399 సీసీ ఇంజిన్ ఉన్నది, 46 పీఎస్, అంటే 45.4 హెచ్‌పీ. బలం సమానం. కానీ ట్రాక్టరు ఆ బలాన్ని 1900 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది, బైకు 8500 దగ్గర ఇస్తుంది. 9549తో లెక్క వేస్తే ట్రాక్టరు షాఫ్టు దగ్గర టార్క్ దాదాపు 169 న్యూటన్ మీటర్లు, బైకు షాఫ్టు దగ్గర 38. గేర్లు పెట్టి బైకు చుట్లను నాలుగున్నర రెట్లు తగ్గిస్తే దానికీ 169 వస్తుంది, లెక్కలో ఏ మోసమూ లేదు. మరి నల్లరేగడిలో కేటీఎంతో దున్నొచ్చా? ఒక సాలు దున్నొచ్చేమో. ట్రాక్టరు ఇంజిన్ 2730 సీసీ, బరువైన ఇనుము, నిమ్మళంగా తిరుగుతూ రోజుకు పది గంటలు నిండు బలంతో నడవడానికి చేసినది. 399 సీసీ ఇంజిన్‌ను గంటల తరబడి 8500 దగ్గర బిగబట్టి నడిపితే వేడికే చస్తుంది. మళ్లీ అదే ప్రశ్న, ఎంతసేపు?

ఇక సీసీ సంగతి. ‘ఎన్ని సీసీ బండి?’ అన్నదే ఇప్పటికీ మొదటి ప్రశ్న. సీసీ అంటే సిలిండర్ లోపలి చోటు, అది బలం కాదు. దీనికి యమహా ఆర్‌ఎక్స్ 100ను మించిన సాక్ష్యం లేదు. 1985లో మన దేశంలోకి వచ్చి 1996 దాకా తయారైన ఆ బండి 98 సీసీ, 11 బీహెచ్‌పీ. స్ప్లెండర్ 97.2 సీసీ, 7.91. చోటు దాదాపు అంతే, బలంలో మూడు గుర్రాల తేడా. ఆర్‌ఎక్స్ టూ స్ట్రోక్, అంటే ప్రతి చుట్టుకూ ఒకసారి పేలుతుంది. ఫోర్ స్ట్రోక్ స్ప్లెండర్ రెండు చుట్లకోసారి. ఆ దూకుడుకు ధర పొగ రూపంలో, పెట్రోలు రూపంలో కట్టాల్సి వచ్చేది. పొగ నిబంధనలు బిగిసేకొద్దీ అలాంటి బండ్లు కనుమరుగయ్యాయి. అవతలి కొసన పాత బుల్లెట్ 350. 346 సీసీ, 18 బీహెచ్‌పీ. ఆర్‌ఎక్స్‌తో పోలిస్తే సీసీ మూడున్నర రెట్లు, బలం మాత్రం ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ. అయినా బుల్లెట్ మీద కూర్చున్నవాడికి ఆ లోటు తెలియదు. దాని టార్క్ 32 న్యూటన్ మీటర్లు, అదీ 3000 ఆర్‌పీఎం దగ్గరే. ఆర్‌ఎక్స్‌ది 10.4, దానికి 6500 దాకా రేజ్ చేయాలి.

ఇప్పుడు ఎండ. ఇంజిన్ బలం కొలిచేటప్పుడు ఆ రోజు వాతావరణం ఎలా ఉన్నా ఫలితాన్ని 25 డిగ్రీల వేడికి సరిచేసి చెబుతారు. వేడి గాలి పలచగా ఉంటుంది, సిలిండర్‌లోకి వెళ్లే ప్రాణవాయువు తగ్గుతుంది. పెట్రోలు ఇంజిన్లకు వాడే సూత్రంలో వేడిని కెల్విన్లలో తీసుకుని ఆ నిష్పత్తిని 0.6 ఘాతానికి ఎక్కిస్తారు. చీమకుర్తిలో మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీలు అంటే 316 కెల్విన్. 25 డిగ్రీలంటే 298. లెక్క తేల్చితే బలం దాదాపు మూడున్నర శాతం తగ్గుతుంది. స్ప్లెండర్‌కు 0.28 హెచ్‌పీ. ఇందాక క్లాసిక్ దగ్గర బీహెచ్‌పీకీ పీఎస్‌కీ మధ్య వచ్చిన తేడా కూడా అంతే, కానీ అది ఇరవై గుర్రాల బండి! అంటే జనవరి పొద్దుటిపూట బండికీ, మే మధ్యాహ్నం అదే బండికీ మధ్య ఉన్న తేడా రెండు కొలతల మధ్య తేడా కంటే పెద్దది. క్వారీల దగ్గర రాయి కూడా కాగుతుంది గనక ఇంజిన్ పీల్చే గాలి ఇంకాస్త వేడిగానే ఉంటుంది.

ఎండ తర్వాత చైను. షాఫ్టు దగ్గర పుట్టిన బలం గేరుబాక్సు, చైను, స్ప్రాకెట్లు దాటి వెనక చక్రానికి చేరేసరికి నూటికి 10 నుంచి 15 దాకా ఆవిరైపోతుంది. ట్రాక్టరు ఉన్న రైతుకు ఇది కొత్త విషయం కాదు, ఇంజిన్ హెచ్‌పీ కంటే పీటీఓ హెచ్‌పీ, అంటే పనిముట్లు తిప్పే షాఫ్టు దగ్గరి బలం, తక్కువని కొనేటప్పుడే అడిగి తెలుసుకుంటాడు. బైకు కాగితంలో మాత్రం చక్రం దగ్గర బలం ఎంతో ఏ కంపెనీ రాయదు. స్ప్లెండర్ 7.91లో చక్రానికి చేరేది ఏడుకు కాస్త లోపే. చైను మీద ఆయిలు ఎండి, గ్రానైట్ పొడి పేరుకుంటే ఇంకా తగ్గుతుంది. ఇక్కడి మెకానిక్ చైను విప్పి కిరోసిన్‌లో ముంచితే కిందకు దిగే ఆ నల్లటి బురదలో సగం రాతి పొడే. బీహెచ్‌పీకి పీఎస్‌కి తేడా తెలిసిన వాడి కంటే నెలకోసారి చైనుకు ఆయిలు పెట్టేవాడే ఎక్కువ బలం మిగుల్చుకుంటాడు.

అసలు మనకు కావాల్సింది ఎంత? చీమకుర్తి నుంచి ఒంగోలు సుమారు 20 కిలోమీటర్లు, దాదాపు సమతలం. 112 కిలోల స్ప్లెండర్ మీద 70 కిలోల మనిషి ఒక్కడే, ఎదురుగాలి లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో గాలినీ టైరు రాపిడినీ తట్టుకోవడానికి సుమారు 2.2 కిలోవాట్లు చాలు, 3 హెచ్‌పీ. 80కి ఎక్కిస్తే 4.6 కిలోవాట్లు కావాలి, రెట్టింపు పైనే. గాలికి ఖర్చయ్యే బలం వేగం రెట్టింపయితే ఎనిమిది రెట్లవుతుంది మరి. 90కి 6.3 కిలోవాట్లు కావాలి, స్ప్లెండర్ దగ్గర అంత లేనే లేదు. అందుకే ఎంత రేజ్ చేసినా ముల్లు 85 దగ్గర తచ్చాడుతుంది. 60కి బదులు 80లో పోతే ఒంగోలుకు మిగిలేది ఐదు నిమిషాలు, దానికి బలం రెట్టింపు పైన ఖర్చు, పెట్రోలూ దాని వెంటే.

బరువు లెక్క వేరు. టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 బలం 3.2 కిలోవాట్లు, 4.3 హెచ్‌పీ. దాని మీద రెండు మిర్చి టిక్కీలు, అంటే 90 కిలోల దాకా సరుకు వేసి రైతు నలభైలో పోతున్నాడనుకోండి. చదును రోడ్డు మీద 1.2 కిలోవాట్లతో పని జరిగిపోతుంది. అదే బండి నూటికి ఐదు వాలున్న కాలువ కట్ట ఎక్కాలంటే రెండున్నర కిలోవాట్లు కావాలి. చక్రం దగ్గరకొచ్చేది అంతకు కొంచెమే ఎక్కువ. కట్ట ఎక్కేటప్పుడు ఆ బండి మూలిగే మూలుగుకు కారణం అదే. మరి యాభై వేల కిలోమీటర్లు తిరిగిన తర్వాత కూడా ఎక్కుతోందంటే 6.5 న్యూటన్ మీటర్ల టార్క్ 3500 ఆర్‌పీఎం దగ్గరే దొరుకుతోంది గనక.

బయటి దేశాల్లో ఈ కొలతల గొడవ చట్టమే తీర్చేసింది. యూరప్‌లో లైసెన్సులే కిలోవాట్ల మీద ఉంటాయి. ఏ1 లైసెన్సుకు 125 సీసీ, 11 కిలోవాట్ల లోపు. ఏ2కు 35 కిలోవాట్ల లోపు. జర్మనీకి చదువుకు వెళ్లిన మన పిల్లలు అక్కడ ఏ2 లైసెన్సుతో బైకు కొనాలంటే సీసీ ఎంత అన్నది కాదు, ఆ 35 దాటిందా లేదా అన్నది ముందు చూసుకోవాలి. డ్యూక్ 46 పీఎస్ కూడా ఆ గీత లోపలే ఉంది, 35 కిలోవాట్లంటే 47.6 పీఎస్. మన దగ్గర ఈ గీత ఎలక్ట్రిక్ బండ్లతో వచ్చింది. మోటారు అరగంట పాటు ఇవ్వగల బలం 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న ఎలక్ట్రిక్ బండికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు. 250 వాట్లంటే హెచ్‌పీలో మూడో వంతు, ఎద్దు కన్నా తక్కువ. అరగంట అన్న షరతు పెట్టినవాళ్లకు ‘ఎంతసేపు’ అన్న ప్రశ్న విలువ బాగా తెలుసు. పెద్ద ఎలక్ట్రిక్ స్కూటర్ల ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో ఉండేది పీక్ పవర్, కొద్ది క్షణాలది. ఆగకుండా ఇవ్వగలిగేది అందులో సగం దగ్గర కూడా ఉండొచ్చు. కొనేముందు ఆ రెండో అంకె అడగండి.

వీటితో ఇంకో తికమక కూడా వచ్చింది, కిలోవాట్ వేరు, కిలోవాట్ అవర్ వేరు. మొదటిది మోటారు బలం, రెండోది బ్యాటరీలో నిల్వ, కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే అదే. గంటకు 45 వేగంలో స్కూటరు గాలికీ రాపిడికీ పెట్టే బలం సుమారు 1.2 కిలోవాట్లు, మోటారులో పోయేది కలిపితే 1.4. చీమకుర్తి నుంచి ఒంగోలు చేరడానికి 27 నిమిషాలు, అంటే 0.63 యూనిట్. పోయి రావడానికి యూనిట్టుంబావు.